వైరు కత్తిరించిన చెయ్యి

"నువ్వు కత్తిరించావా, లేదా? అది ఒక్కటి చెప్పు చాలు."

లిఫ్టు మెకానిక్ ఈ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఆయన కూతురు గువ్వ, పాలల్లో నానిన బ్రెడ్డు ముక్కను చెంచాతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నెట్టిందే తప్ప నోరు మెదపలేదు. పన్నెండేళ్ళ పిల్ల. పై వరస పళ్ళకు క్లిప్పులున్నాయి గాని, వాటిలోంచి పోవలసిన వైరు లేదు. నిన్న సాయంత్రం డాక్టరే దాన్ని లాగేసి ఇంటికి పంపించాడు.

"నిన్నట్నుంచి ఇదే వరస" అంది నానమ్మ. "బెల్లం కొట్టిన రాయిలా కూచుంది. ఎవరి పోలికో!"

ఎవరి పోలికో ఆవిడకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే పక్కగది గుమ్మం వైపు ఒక చూపు విసిరింది.

పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. వీధి వీధంతా టైలరమ్మ అని పిలిచే గువ్వ తల్లి అక్కడ ఎవరిదో కోటుకు చేతులు అతుకుతోంది. కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమ వైపు వేసి కుట్టింది. చూసుకుని కుట్టు విప్పింది. విప్పి మళ్ళీ అదే చెయ్యిని అదే వైపు వేసింది. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్న మనిషి. పని నేర్చుకునే రోజుల్లో కూడా ఇంత సిగ్గుమాలిన తప్పు చెయ్యలేదు.

ఆమె చెవులు రెండూ వంటగదిలోనే ఉన్నాయి మరి.

నిన్న నెలవారీ చూపించుకోవడానికి పిల్లను తీసుకెళ్ళింది తనే. డాక్టరు దీపం వంచి చూసి, అద్దప్పుల్ల చెంప లోపలికి పెట్టి, ఇంకోసారి చూసి, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. "ఈ వైరు ఎవరు కత్తిరించారు?" అని అడిగాడు. కుడివైపు చివరి పంటికి ముందే వైరు తెగి ఉంది. పట్టు తప్పిన వైరు నెమ్మదిగా ఎడమ వైపుకు జారి అక్కడి చెంపను పొడిచింది. లోపల పుండు పడింది. కుడివైపు రెండు పళ్ళు పక్కకు తిరిగాయి. రెండు నెలల్లో కుదిరింది రెండు వారాల్లో చెడింది.

గువ్వ ఒక్కసారి తల్లి వైపు చూసింది. తల్లి గోడ మీది అలమరాలో ఉన్న సుద్ద పళ్ళ నమూనాల వైపు చూసింది.

"ఇది మూడోసారి పాపా" అన్నాడు డాక్టరు. అంతకు ముందు పెన్ను మూతలు కొరికి రెండుసార్లు క్లిప్పులు ఊడగొట్టుకుంది పిల్ల. "ఇష్టం లేకుండా ఇవి నోట్లో ఉంచుకుంటే మంచికన్నా చెడే ఎక్కువ. పళ్ళు పాడవుతాయి. ఇంట్లో మాట్లాడుకుని రేపు నాలుగింటికి రండి. వద్దనుకుంటే తీసేస్తాను."

అప్పుడైనా టైలరమ్మ నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ వైరు కత్తిరించింది ఆవిడే.

రెండు వారాల కిందటి ఆదివారం పొద్దున్న జరిగింది అది. వైరు కొస వెనక పంటి దగ్గర పొడుచుకొచ్చి గువ్వ చెంప గీరుకుపోయింది. పొడుచుకున్న చోట అద్దమని డాక్టరిచ్చిన మైనం డబ్బీని పిల్ల బళ్ళో ఎక్కడో పారేసుకుంది. క్లినిక్కుకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పిల్ల నీళ్ళు మింగడానికి కూడా ఏడుస్తోంది. టైలరమ్మ సొరుగు లాగి, ఇనప జిప్పుల్ని పొట్టి చేసేటప్పుడు వాటి పళ్ళు పెరికే చిన్న కటింగ్ ప్లయరు తీసింది. స్పిరిట్ పెట్టి రెండుసార్లు తుడిచింది.

కొస దాకా ప్లయరు పోలేదు. పోనిస్తే పిల్లకు వాంతి వస్తోంది. అప్పుడామెకు తోచిందేమిటంటే, కుట్టుకు ముడి పడి ఉంటే కొస దారం ఎక్కడ తుంచినా కుట్టు ఊడదు గదా అని. ప్రతి పంటి దగ్గరా చిన్న రబ్బరు రింగుతో వైరు కట్టేసే ఉంది. అన్ని ముళ్ళుండగా చివరి ముక్క పోతే ఏం పోయింది? ఒక పన్ను ఇవతలికొచ్చి కటుక్కుమనిపించింది. తునక బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది.

గువ్వకు ఆ క్షణానే హాయి అనిపించింది. తల్లి తన చేతిపనికి తనే మురిసిపోయింది కూడా. "నాన్నకు చెప్పకే" అంది నవ్వుతూ. క్లిప్పులు పెట్టించిన రోజే ఆయన చెప్పాడు, దీని జోలికి నీ కత్తెర్లూ సూదులూ తేకు, ఏదన్నా అయితే డాక్టరు దగ్గరికే వెళ్ళు అని.

పిల్ల చెప్పలేదు. ఎడమ చెంప పుండు పడినా పంటి బిగువున ఓర్చుకుంది గాని చెప్పలేదు.

"ఎందుకురా దాన్ని రాచి రంపాన పెడతావు?" అంటోంది నానమ్మ ఇప్పుడు. ఆవిడవి కట్టుడు పళ్ళు. అవి నీళ్ళ గిన్నెలో ఉన్నంతసేపు ఆవిడ మాటలు సగమే అర్థమయ్యేవి. దానివల్ల ఆ ఇంట్లో సగం తగవులు తప్పేవి. ఈ పూట మాత్రం లేస్తూనే పెట్టేసుకుంది. "తీయించి పారెయ్. మా పుట్టింట్లో అందరివీ ఎత్తుపళ్ళే. ఎవరి బతుకు ఆగిపోయింది? నీ పెళ్ళానికి లేవూ? కాపురం చెయ్యట్లేదూ?"

మిషను టక్కున ఆగింది. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మణికట్టుకు పిన్నుల దిండు కట్టుకుని ఉంది, భుజం మీద టేపు వేలాడుతోంది.

"అత్తయ్యా, నా సంగతెందుకిప్పుడు?"

"నేనేమన్నానే? లోకంలో లేనిదేదన్నా అన్నానా?"

"అమ్మా, నువ్వుండు" అన్నాడు మెకానిక్. గొంతులో కోపం కూడా లేదు. మొన్న ఒక ఆస్పత్రి లిఫ్టు, నిన్న ఒక ఆఫీసు లిఫ్టు. రెండు రోజులుగా నిలబడే తింటున్నాడు. "ఏ లిఫ్టు ఆగిపోయినా నేను మొదట అడిగేది ఒకటే. ఎవరు ముట్టుకున్నారు? ఎవరూ ముట్టుకోరు. ఎప్పుడూ అంతే. లిఫ్టు తనంత తనే వైర్లు పీక్కుందన్నట్టు చూస్తారు నా వైపు. సరేలే అని నడిపిస్తే రేపు అందులో ఎక్కేది మనుషులు."

"దానికీ దీనికీ ఏమిటండీ?"

"ఎవరు ముట్టుకున్నారో తెలిసేదాకా నేను నడపను. అదే సంగతి. అది కత్తిరించుకుందంటే దానికి వద్దన్నమాట. వద్దన్నదాని నోట్లో ఇనుము పెట్టి మనం బావుకునేదేమిటి? నాలుగింటికి నేను కూడా వస్తాను. తీయించేద్దాం."

"ఆరు నెలలు పడ్డ అవస్థ అండీ అది. మొదటిరోజు డాక్టరు చెప్పింది మీరూ విన్నారుగా. దవడ ఎదిగే వయసులో అయితే ఏడాదిన్నరలో అయిపోతుందట. ఎదుగుదల ఆగాక చేస్తే అన్నీ కుదరవట. పళ్ళు పీకాల్సి రావచ్చు, ఆపరేషనే కావాల్సి రావచ్చు..."

"ఆ డాక్టరే తీసేద్దామన్నాడని నిన్న నువ్వేగా చెప్పావు?"

 చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. అత్తగారి కట్టుడు పళ్ళు, భర్త ఎర్రబడ్డ కళ్ళు, కూతురి చేతిలో ఆగిపోయిన చెంచా, అన్నీ టైలరమ్మ వైపే తిరిగి ఉన్నాయి. అన్ని కళ్ళ ముందు తల కొట్టేసినట్టయి, "కోటు ఇవాళ ఇచ్చెయ్యాలి" అని లోపలికి పోయింది.

మెకానిక్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నానమ్మ తన విజయాన్ని పక్కవాటా వాళ్ళతో పంచుకోవడానికి మెట్లు దిగింది. ఇల్లు నిశ్శబ్దంగా అయింది. టైలరమ్మకు ఆ నిశ్శబ్దంలో కాస్త ఊపిరాడింది. పిల్ల ఇంతసేపూ తనను కాపాడిందే అనుకుంది. నిన్న డాక్టరు ముందు కాపాడింది, ఇవాళ తండ్రి ముందు కాపాడింది. ఆ తలపుకు కళ్ళు చెమర్చాయి. చేతులు అతకడం ఆపి, దారం కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

గువ్వ వచ్చి గుడ్డల మూట మీద కూర్చుంది.

"అమ్మా, నాలుగింటికి నువ్వేం మాట్లాడకు."

"ఇంక చెప్పేస్తానే. నీ మీద ఎందుకుండాలి ఇది?"

"వద్దంటున్నా కదా. నువ్వు కత్తిరించావని చెప్తే వాళ్ళు తీయరు. నా తప్పు లేదని మళ్ళీ కొత్త వైరేస్తారు." పిల్ల చాలా నెమ్మదిగా, లెక్క వివరించే టీచరులా చెప్పింది. "నేను చెప్పను. నువ్వు కూడా చెప్పకు. తీసేస్తారు. నీకూ గొడవ ఉండదు, నాకూ గొడవ ఉండదు."

టైలరమ్మ చేతిలో దారం వదులైంది. ఇందాకటి కన్నీళ్ళు తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. ఇది ప్రేమా కాదు, కాపాడటమూ కాదు. పన్నెండేళ్ళ పిల్ల తల్లితో బేరం కుదుర్చుకుంటోంది. బేరమాడటానికి సరుకు ఇచ్చింది తల్లే.

"తీసేస్తే ఏమవుతుందో తెలుసా? జరిగిన పళ్ళు జరిగినచోట ఉండవు. మళ్ళీ ముందుకొస్తాయి. నాలాగా..."

"వస్తే రానీ."

"నీకు తెలీదే. నా బాధ నీకు తెలీదు. ఫొటో తీస్తున్నారంటే నేను..."

"తెలుసు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటావు." గువ్వ తల పక్కకు తిప్పుకుంది. "అంత బాధైతే నువ్వెందుకు పెట్టించుకోలేదు?"

"చిగుళ్ళు బాగా లేవన్నారు కదమ్మా. నయమవగానే..."

"అబద్ధం."

ఈ అబద్ధం కథ ఆరు నెలల నాటిది. క్లిప్పులనగానే గువ్వ మంచం కిందికి దూరి రానని పంతం పట్టింది. అప్పుడు తల్లి నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందికి తొంగిచూస్తూ, "నేను కూడా పెట్టించుకుంటానే. మనిద్దరం కలిసి. ఒకేసారి" అని మాటిచ్చింది. పిల్ల ఆ మాట పట్టుకునే బయటికొచ్చింది. డాక్టరు తల్లి నోరు కూడా చూశాడు, ఎక్స్‌రేలు తీయించాడు. నలభై రెండేళ్ళు అడ్డేం కాదన్నాడు. కాకపోతే పెద్దవాళ్ళ పళ్ళు పిల్లల పళ్ళలా చెప్పినట్టు వినవు, నెమ్మదిగా కదులుతాయి, రెండేళ్ళు దాటొచ్చు అన్నాడు. అయిపోయాక కూడా పడుకునేటప్పుడు పెట్టుకునే తొడుగు మాత్రం మానకూడదన్నాడు. అన్నిటికన్నా ముందు చిగుళ్ళ వాపు తగ్గాలి, వాపు మీద పళ్ళు కదిపితే పంటి వేళ్ళ దగ్గరి ఎముక కరిగిపోతుంది అన్నాడు. దారం పళ్ళతో కొరకడం, పిన్నులు పళ్ళ మధ్య పట్టుకోవడం ఆ రోజే మానెయ్యమన్నాడు. ముందు పళ్ళ అంచుల్లో దారం కోసిన గాట్లు అద్దంలో చూపించాడు.

కాబట్టి పిల్లకు ముందు మొదలుపెట్టారు. తల్లికి చిగుళ్ళు నయమయ్యాక. ప్రతి నెలా గువ్వ అడిగేది, ప్రతి నెలా తల్లి ఇంకా నయం కాలేదనేది. మొదట్లో అది నిజమే.

"నిన్న నువ్వు లోపల డాక్టరుతో ఉన్నప్పుడు కాదు, బయట చెప్పులేసుకుంటున్నప్పుడు" అంది గువ్వ. "ఆ అసిస్టెంటక్క నీతో ఏమంది? మీ చిగుళ్ళు బాగయ్యాయని పోయిన నెలే చెప్పాం కదండీ, ఎప్పుడు మొదలుపెడదాం అంది. నువ్వు తర్వాత చూద్దాం తర్వాత చూద్దాం అని నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశావు."

టైలరమ్మ వదులైన దారాన్ని మళ్ళీ వేలికి చుట్టుకుంది.

"పని ఉంది కదే... పిన్నులు నోట్లో పెట్టుకోకుండా నా పని ఎలా..."

 తల్లి మణికట్టుకున్న పిన్నుల దిండు వైపు చూసింది గువ్వ. అయిదు నెలలుగా ఆమె పిన్నులన్నీ అందులోనే గుచ్చుతోంది, దారాలన్నీ కత్తెరతోనే తుంచుతోంది. పని ఎక్కడా ఆగలేదు.

"నేను రోజూ అన్నం నమలలేక ఏడ్చినప్పుడు, నాలుగు రోజులే అమ్మా, వైరు బిగించాక నాలుగు రోజులే నొప్పి అన్నావు. నీకెలా తెలుసు? నువ్వు ఒక్క రోజన్నా పెట్టుకున్నావా?"

పిల్ల లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు దడాల్న వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండుననిపించింది టైలరమ్మకు.

ఆ మధ్యాహ్నం కోటు పూర్తి కాలేదు. ఆమె దాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుండిపోయింది. ఎవరి మీద విసుక్కోవాలో కూడా తెలియనంత అలసట. గువ్వకు ఏడేళ్ళప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఏదో హాస్యమాడితే తను నవ్వింది, అలవాటుగా చెయ్యి నోటి మీదికి పోయింది. పక్కనే ఆడుకుంటున్న గువ్వ కూడా నవ్వుతూ తన చిన్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటికి దానివి పాలపళ్ళు. ముత్యాల్లా ఉండేవి, దాచుకోవడానికి అక్కడేమీ లేదు.  దీని పళ్ళు నాలా కాకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది. ఆ చెయ్యి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చెబితే పిల్ల దక్కుతుందా, చెప్పకపోతే దక్కుతుందా? చెప్తే కొత్త వైరు పడుతుంది, పళ్ళు దారిలో పడతాయి. పిల్ల మాత్రం మొహం చూడదు. చెప్పకపోతే పిల్ల ఈ సాయంత్రమే వచ్చి మెడకు చుట్టుకుంటుంది, పళ్ళు పాత దారి పడతాయి. కోటుకు చేతులైనా కుడీ ఎడమా అని తేడా తెలుస్తుంది, దీనికి అదీ లేదు.

నాలుగుకు పది నిమిషాలుండగా ముగ్గురూ క్లినిక్కు మెట్లెక్కారు. మెకానిక్ పని మధ్యలోంచి వచ్చాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంది, హెల్మెట్టు చంకలో ఉంది. గువ్వ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కుర్చీలో పడుకుంది. ఆరు నెలల్లో అది అంత హుషారుగా ఆ కుర్చీ ఎక్కడం ఇదే మొదలు.

"ఏం నిర్ణయించుకున్నారు?" అని అడిగాడు డాక్టరు.

"తీసేయండి" అన్నాడు మెకానిక్.

"తీయడం ఎంతసేపు, అరగంట. అంటించిన మందు గీకి నున్నగా చేస్తాను. నొప్పేం ఉండదు. కాకపోతే పళ్ళకు ఇంకా కొత్త చోటు అలవాటు కాలేదు. పట్టుకునేది లేకపోతే నెమ్మదిగా వెనక్కి పోతాయి. తర్వాత నన్ననొద్దు." ఆయనా అలిసిపోయే ఉన్నాడు. బయట బెంచీ నిండా జనం. "నీకిష్టమే కదా పాపా?"

గువ్వ తలూపింది. అసిస్టెంటమ్మాయి దీపం వేసింది. డాక్టరు క్లిప్పులు ఊడదీసే పటకారు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి" అంది టైలరమ్మ.

గువ్వ కళ్ళు గిర్రున తల్లి వైపు తిరిగాయి. వద్దు అన్నాయి ఆ కళ్ళు.

"అది కత్తిరించలేదు. నేనే కత్తిరించాను."

అసిస్టెంటమ్మాయి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మీరా? దేంతో?"

"జిప్పులకు వాడే ప్లయరుతో. ఆదివారమండీ. చెంప పొడుచుకుని పిల్ల గిలగిల్లాడుతోంది. ఫోనెవరూ తియ్యలేదు. కొస తీస్తే చాలనుకున్నాను. కుట్టులాగే మిగిలింది నిలబడుతుందనుకున్నాను."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "కుట్టు కాదమ్మా ఇది. చివరి పన్ను పట్టుకుంటేనే మిగతావన్నీ లాగబడతాయి. తోచకపోతే కొవ్వొత్తి మైనమైనా అద్దాల్సింది. కనీసం దాన్ని శుభ్రంగా తుడిచారా?"

"రెండుసార్లు తుడిచాను."

"అదొక్కటి మంచి పని చేశారు."

ఎవరూ నవ్వలేదు. మెకానిక్ హెల్మెట్టును తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకుంది టైలరమ్మ. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

"పొద్దుట్నుంచి నాలుగుసార్లు అడిగాను దాన్ని" అన్నాడు. "నువ్వు పక్కగదిలోనే ఉన్నావు."

"ఉన్నాను."

"నాలుగుసార్లు విన్నావు."

"విన్నానండీ."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సరే. అయితే పాప తప్పేం లేదు" అన్నాడు డాక్టరు, ఇంటి గొడవ తన గదిలోంచి త్వరగా బయటికి పంపించాలని. "కొత్త వైరు వేస్తాను. రెండు నెలలు ఎక్కువ పడుతుంది, అంతే. మైనం రెండు డబ్బీలిస్తాను. ఈసారి పొడుచుకుంటే..."

"నాకొద్దు" అంది గువ్వ. "తీసేయండి."

"గువ్వా!"

"అమ్మ ఇంకోటి కూడా చెప్పాలి. అది కూడా చెప్పమనండి."

మెకానిక్ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. ఇంకోటి ఏమిటన్నట్టు భార్య వైపు చూశాడు. అసిస్టెంటమ్మాయికి అర్థమైంది. ఆమె తల దించుకుని ట్రేలో సామాన్లు అక్కర్లేకుండానే సర్దడం మొదలుపెట్టింది.

 ఒకటి చెప్పేస్తే భారం దిగుతుందనుకుని వచ్చింది టైలరమ్మ. దిగింది ఒకటే.

"నా చిగుళ్ళు బాగయ్యాయి" అంది చివరికి. "నెల రోజులైంది. డాక్టరు గారు మొదలుపెడదామన్నారు. నేనే వాయిదా వేస్తున్నాను. ఇంట్లో మాత్రం ఇంకా నయం కాలేదని చెబుతున్నాను."

"ఎందుకు?" అన్నాడు మెకానిక్. ఆయన గొంతులో మొదటిసారి ఆశ్చర్యం వినపడింది. "పెట్టించుకోమని నేనే అన్నాను కదా. మా అమ్మ ఏదో అంటుందనా?"

"అత్తయ్య అనే మాటలకు నేనెప్పుడు ఆగాను? నొప్పికీ కాదు, పనికీ కాదు. భయమేసింది."

"దేనికి?"

ఎవరూ ఇంతవరకు అడగని ప్రశ్న అది. అడగకపోవడంతో తనకు తనే చెప్పుకోకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే పిల్ల ఆ కుర్చీలో ఖాళీ పళ్ళతో లేస్తుంది.

"నలభై ఏళ్ళుగా ఎవరితో కలవకపోయినా, ఎక్కడికి రానన్నా, ఎవరి ముందు నవ్వకపోయినా, నా పళ్ళు ఇలా ఉన్నాయి కాబట్టేలే అనుకుంటూ వచ్చానండీ. రేపు ఇవి సరైపోతే? సరైపోయాక కూడా నేను నలుగురిలో నవ్వలేకపోతే? అప్పుడింక దేని మీద పెట్టాలి? దానికే భయమేసింది."

గదిలో నీళ్ళ గొట్టం చిన్నగా గురగురమంటోంది. మెకానిక్ భార్యను పదిహేనేళ్ళుగా చూస్తున్నాడు. ఆమె నోటి వెంట ఇంత పెద్ద మాట ఎప్పుడూ రాలేదు.

గువ్వ కుర్చీలో లేచి కూర్చుంది. మెడకు కట్టిన కాగితం తువ్వాలు తనే లాగేసుకుంది. కళ్ళ నిండా నీళ్ళున్నా గొంతు మాత్రం వణకలేదు.

"మరి నన్నెందుకు కూచోబెట్టావమ్మా ఇక్కడ?"

టైలరమ్మ కూతురి మొహంలోకి చూసింది. అలవాటుగా నోటి మీదికి లేచిన చెయ్యిని సగంలోనే దించేసింది. డాక్టరు చేతిలోని పటకారును ట్రేలో పెట్టేశాడు. చేతి తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ, బయట బెంచీ మీదివాళ్ళను ఇంకాసేపు కూచోమని చెప్పు అన్నాడు అసిస్టెంటుతో. ఆమె వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది. ఆయన కూడా టైలరమ్మ వైపు తిరిగి, ఆమె ఏం చెబుతుందోనని చూస్తూ కూర్చున్నాడు.